టీవీ వీపు వెచ్చగా ఉంది

చెప్పులు విప్పకుండానే భాగ్యశ్రీ నేరుగా టీవీ దగ్గరికి వెళ్లి, దాని వెనక అరచెయ్యి పెట్టింది. వెచ్చగా తగిలింది.

అంటే ఇప్పటిదాకా నడిచిందన్నమాట.

నడవడానికి వీల్లేదు. సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి వెళ్లే నల్లటి హెచ్‌డీఎంఐ వైరును పొద్దున తన చేత్తోనే పీకి, బియ్యం డ్రమ్ములో అడుక్కి తోసి వెళ్లింది. డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికింది. వైరు పెట్టిన చోటే ఉంది.

శ్రీను గోడకానుకుని లెక్కల పుస్తకం పట్టుకున్నాడు. లోకంలో ఇంత బుద్ధిమంతుడు ఇంకొకడు లేడన్నట్టుంది మొహం.

"టీవీ చూసినవా?"

"నీ మీదొట్టు, ముట్టలె."

ఒట్టు ఎంత సులువుగా వేశాడో! పుస్తకంలో పేజీ మాత్రం నిన్నటిదే.

శ్రీను పరీక్షకు పదిహేను రోజులే ఉన్నాయి. టెన్త్‌లో అన్నీ గట్టెక్కినా, లెక్కలు రెండుసార్లు తన్నేశాయి. మెమో చేతికొస్తే నీడపట్టున కూర్చునే పని ఇప్పిస్తానని తాండూరులో తెలిసిన నర్సింహులు సారు మాటిచ్చాడు. రాకపోతే బండల పాలిషింగే గతి. ఆ రాతి దుమ్ము మింగి మంచం పట్టినవాళ్లు తమ ఊరు పెద్దేముల్‌లో వీధికొకరున్నారు. వాళ్ల దగ్గు వినపడితే భాగ్యశ్రీకి ముద్ద దిగదు. అందుకే తనకు వచ్చినంత మేరకు తనే ఎదురుగా కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తోంది.

ఇంట్లో ఉన్నదే ముగ్గురు. మూడో మనిషి ఇంద్రమ్మ. ముసలామెకు శ్రీను ఏం చేసినా ముద్దే.

"పోనీ తియ్యవే. దినమంత సదివితె పిల్లగాని తలకాయ పలుగదా?" అని వెనకేసుకొచ్చింది.

ఆ మాటతో భాగ్యశ్రీ అనుమానం రెండింతలైంది. ఇద్దరూ ఒకటయ్యారు.

మర్నాడు సాయంత్రం తాండూరులో షేర్ ఆటో ఎక్కేముందు, టీవీలు బాగుచేసే అంజిలయ్య దుకాణంలో ఆగింది. ఏ వైరు తీస్తే టీవీ రాదో చెప్పమంది. అంజిలయ్య నవ్వాడు. పరీక్షల రోజుల్లో ప్రతి ఇంట్లో ఇదే లొల్లి అన్నాడు. హెచ్‌డీఎంఐ ఒక్కటి దాచి లాభం లేదట. మూడు రంగుల పాత వైరున్నా చాలట. పసుపుది బొమ్మకు, ఎరుపూ తెలుపూ చప్పుడుకు. బొమ్మ కాస్త మసకగా వస్తుందంతే. మసకైతే మాత్రం మానేస్తారా ఎవరైనా?

ఇల్లు చేరగానే వెతకడం మొదలుపెట్టింది. మూడు రంగుల వైరు ఇంద్రమ్మ పరుపు కింద దొరికింది. అదెట్లా వచ్చిందో తనకేం తెలుసని ముసలామె ఆకు నములుతూ అటు తిరిగి కూర్చుంది. శ్రీను పుస్తకంలోంచి తలెత్తితే ఒట్టు.

భాగ్యశ్రీ బొమ్మ తెచ్చే వైరు ఒక్కటీ వదల్లేదు. హెచ్‌డీఎంఐ, మూడు రంగులది, డిష్ నుంచి బాక్స్‌లోకి వచ్చేది, అన్నీ చుట్టచుట్టి ట్రంకు పెట్టెలో వేసి తాళం వేసింది. అయినా నమ్మకం కుదరలేదు. పొద్దున వెళ్లేటప్పుడు ఎవరూ చూడకుండా, లెక్కల పుస్తకంలో ఆ రోజు చెయ్యాల్సిన పేజీల మధ్య ఒక తలవెంట్రుక పెట్టింది.

సాయంత్రం వచ్చి అడిగితే ఇరవై లెక్కలు చేశానన్నాడు శ్రీను. వెంట్రుక పెట్టినచోటే ఉంది. టీవీ వీపు మొన్నటికన్నా వెచ్చగా ఉంది.

దొంగను దొంగతనంలోనే పట్టుకోవాలనుకుంది.

మరునాడు కడుపునొప్పి అని అబద్ధం చెప్పి మధ్యాహ్నమే బయటపడింది. వీధి మొదట్లోనే ఆటో దిగి, చప్పుడు కాకుండా నడిచొచ్చింది. తలుపు దగ్గరికొచ్చేసరికి లోపల ఫైటింగ్ జోరుగా సాగుతోంది. శ్రీను, ఇంద్రమ్మ పక్కపక్కన కూర్చుని మరమరాలు తింటూ సినిమా చూస్తున్నారు. టీవీ పక్కన వేలెడంత పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది. దానికి ఏ వైరూ అక్కర్లేదని అంజిలయ్య చెప్పలేదు. అడగాలని తనకూ తోచలేదు.

గట్టిగా అరవాలనుకుంది. నోరు తెరిచేసరికి ఏడుపొచ్చింది. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది మరి.

"ఈసారి తప్పితే నీకు గా బండలే దిక్కు. గా దగ్గు నీకు సుత వస్తది. అప్పుడు నేనేం జెయ్యాలె?"

శ్రీను చేతిలోని మరమరాలు గిన్నెలో పడేశాడు. ఇంద్రమ్మ ఈసారి వెనకేసుకురాలేదు. టీవీలో ఫైటింగ్ మాత్రం ఆగలేదు.

శ్రీను లేచాడు. టీవీ వెనక్కి వంగి, భాగ్యశ్రీ ఇన్ని రోజులూ పట్టించుకోని కరెంటు వైరును రెండు వైపులా ఊడబీకాడు. దాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టి మెల్లగా అన్నాడు:

"రేపటి సంది బడికి పొయ్యేటప్పుడు గీ వైరొక్కటి తీస్కపో బిడ్డా, ఈసారి నీ నాయిన లెక్కల్ల పాసై సూపిస్తడు."