నల్లగా కొట్టిన వరుస

స్కాన్ రిపోర్టులో ఒక్క వరుస మాత్రం మిగతావాటికంటే నల్లగా, లావుగా ఉంది.

బస్సు డ్రైవరు మొండి ఘటమే. ఎదురుగా లారీ మీదికొచ్చినా బెదరడు. కానీ ఆ వరుస చూసిన దగ్గర్నుంచి ముద్ద దిగలేదు. వాళ్లావిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

స్కాన్ తీయించుకున్నది కిడ్నీలో రాయికి. అర్థంకాని డాక్టరు భాష మధ్యలో ఈ నల్ల వరుసేమిటి?

రిపోర్టు తీసుకెళ్తే, డాక్టరు కాగితం అడుగున, సారాంశం ఉండేచోటు మాత్రం చూశాడు.

"చిన్న రాయి. నీళ్లు బాగా తాగండి."

"మరి ఈ నల్లగా ఉన్నది?"

"టైపు కొట్టినవాళ్ల నిర్వాకం. ముఖ్యమైనదైతే అడుగున రాస్తారుగా."

భయం పోయి ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే స్కాన్ సెంటరు మీదికి వెళ్లాడు.

"ఇంటిల్లిపాదినీ బెంగతో చంపేశారు కదండీ."

మేనేజరు టైపిస్టుని పిలిచాడు. నలభై ఏళ్ల మనిషి, వచ్చి నిలబడింది.

"నల్లగా కొట్టమని స్కాన్ డాక్టరుగారు చెప్పారా?"

"లేదండీ. మాటలు మాత్రం ఆయనవే. వాటిని సారాంశంలోకి దించే హక్కు నాకు లేదు కదా, అందుకే నల్లగా కొట్టాను."

"నీకిది మొదటిసారి కాదు. ఇక రానక్కర్లేదు, వెళ్లు."

ఆమె డ్రైవరు వైపు తిరిగింది.

"ఆ వరుస ఒక్కసారి మీ డాక్టరుగారి చేత చదివించండి సార్."

"ఇంకా బెదిరిస్తావేంటమ్మా?"

తగిన శాస్తి జరిగిందనుకుంటూ డ్యూటీ ఎక్కాడు.

సాయంత్రం బస్సు స్టాపులో ఉండగా ఫోను మోగింది. డాక్టరే.

"బస్సు ఇంకెవరికైనా అప్పగించి వెంటనే రండి. మీ కడుపులో పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బింది. ఎప్పుడు పగులుతుందో చెప్పలేం."

వెనక బస్సు నిండా జనం. డ్రైవరు ఇంజను ఆపి, బస్సు కండక్టరుకి అప్పగించాడు. గట్టిగా ఊపిరి పీల్చడానికి కూడా భయపడుతూ ఆస్పత్రి చేరాడు.

ఆపరేషనయిన పదో రోజు, కాస్త లేచి కూర్చున్నాక, చూడ్డానికొచ్చిన డాక్టర్ని అడిగాడు.

"ఆ రోజు రిపోర్టు మళ్లీ ఎందుకు చూశారండీ?"

"నేనెక్కడ చూశాను? మీ చెల్లెలు చూపించింది. రోగులున్నారు, రేపు రామ్మా అంటే వినదే. చదివేదాకా కదలనని నా గది ముందే కూర్చుంది."

"నాకు చెల్లెళ్లెవరూ లేరండీ."

డాక్టరు అయోమయంగా చూశాడు.

"చెల్లెలనే చెప్పిందే. 'పొద్దున్నే ఉద్యోగం పోయిందండీ, ఎంతసేపైనా కూర్చుంటాను' అంది."