అభ్యంతరం లేని ఊరు

"మా ఊరే తీసుకోండి బాబూ. ఇంకెక్కడికీ వెళ్లకండి."

ముసలాయన రెండు చేతులూ జోడించాడు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో డైరెక్టరు ఇలాంటి మాట వినలేదు. ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు సర్వేయరమ్మ వైపు చూశాడు. ఆవిడ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

ఇనుప ఖనిజాన్ని ఉండలుగా చేసి ఓడలకెక్కించే కర్మాగారానికి సముద్రతీరాన చోటు వెతకడం ఆ ముగ్గురి పని. ఆరు నెలలుగా వెతుకుతున్నారు. మొదటి ఊళ్లో ఆడవాళ్లు చీపుళ్లతో ఎదురొచ్చారు. రెండో ఊళ్లో జీపు అద్దాలు పగిలాయి. డైరెక్టరు కళ్లజోడు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది. ఈ సాయంత్రంలోగా ఏదో ఒక ఊరి పేరు చెప్పకపోతే ముగ్గురి కుర్చీల్లోనూ వేరేవాళ్లు కూర్చుంటారని పైనుంచి ఫోనొచ్చింది.

ఇది మూడో ఊరు. ఇక్కడ రాయి విసిరేవాడు కాదు కదా, గొంతు పెంచి మాట్లాడేవాడు కూడా లేడు.

"మీ జనమంతా ఏరీ పెద్దాయనా?" అన్నాడు డైరెక్టరు.

"చేపల వేలం షెడ్డులో ఉన్నారు బాబూ. పిల్లా జెల్లా అందరూ. మీ సంతకం కోసమే ఎదురుచూస్తున్నారు."

"పొద్దుట్నుంచీనా?"

"అంతకు ముందు నుంచే."

డైరెక్టరుకి ముచ్చటేసింది. పొద్దుట్నుంచీ కడుపులో తిప్పుతున్నా మొహంలోకి కళ వచ్చింది. "ప్రజలంటే ఇలా ఉండాలయ్యా," అన్నాడు ఇంజనీరుతో.

సర్వేయరమ్మ పాత ఊరి పటం విప్పింది. "ముందు ఇళ్ల సంగతి తేలాలి తాతా. కర్మాగారం కోసం ఊరు వదులుకున్నవాళ్లకే కొత్త ఇల్లు. ఇంకే కారణంతో ఊరు పోయినా ఇవ్వరు. ఒక్క నంబరు తప్పినా ఫారం వెనక్కొచ్చేస్తుంది."

"తెలుసమ్మా. ఆ రూలు నాకు కంఠతా వచ్చు."

ముసలాయన తన పొడవాటి కర్రతో కిందికి పొడిచాడు. కొసకు రాయి తగిలింది. "ఇది ఒకటో నంబరు. మా వియ్యంకుడి గడప." ఇంకాస్త ముందుకెళ్లి మళ్లీ పొడిచాడు. "ఇది రెండు. వలలల్లే ఆవిడది."

అలా వీధి పొడవునా తీసుకెళ్లాడు. సర్వేయరమ్మ పటంతో సరిచూసుకుంటోంది. ఎక్కడా అంగుళం తేడా లేదు.

"పంతొమ్మిది, ఇరవై. అన్నదమ్ములు. నడిమి గోడ కోసం ఏడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. ఇప్పుడు ఏ గొడవా లేదు, ఒకే కంచంలో తింటున్నారు."

ముప్ఫైమూడు దగ్గర మాత్రం కర్ర దించలేదు. "ఇది మాది," అని ముందుకు సాగిపోయాడు.

నలభై రెండు ఇళ్లూ అయ్యాక బడి దగ్గర ఆగారు. ఇరుకు బల్లలు. ముగ్గురూ మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఎండ మాడ్చేస్తోంది. ఉన్న ఒక్క గొడుగూ డైరెక్టరు నెత్తి మీదే ఉంది. సర్వేయరమ్మ ఫారం ఎగిరిపోకుండా మోచేత్తో నొక్కిపట్టి చదవడం మొదలుపెట్టింది.

"సముద్రానికి దూరం?"

"సున్నా," అన్నాడు ఇంజనీరు హుషారుగా. "ఓడ తిన్నగా గేటు దాకా వస్తుంది."

"నీటి వసతి?"

"పుష్కలం."

"కొట్టాల్సిన చెట్లు?"

"ఒక్కటీ లేదు."

"పునాది?"

ఇంజనీరు గడ్డం గోక్కున్నాడు. "కాస్త లోతుగా వెయ్యాలి."

"కాస్తంటే?"

"కాస్తంటే కాస్తే. రాసుకోండి."

"ప్రజల అభ్యంతరం?"

"లేదు!" అన్నాడు డైరెక్టరు, ఇంజనీరు నోరు తెరిచేలోపే. "లేదు అని పెద్దక్షరాల్లో రాయండి."

చివరి గడి దగ్గర సర్వేయరమ్మ పెన్ను ఆగింది. "స్థలం ప్రస్తుత స్థితి... ఇక్కడేం రాయమంటారు సార్?"

"ఏముంది? చదునుగా ఉందని రాయండి."

"చదునుగానా?"

"కాదా? మీరే చూడండి."

ఆవిడ నాలుగు వైపులా చూసింది. కాదనడానికి వీల్లేదు. కనుచూపు మేరలో మిట్ట లేదు, గుంట లేదు.

"రేపెవరైనా వచ్చి చూస్తే సార్?"

"ఎవరొస్తారమ్మా? ఫారం చూసినవాడు స్థలం చూడడు. స్థలం చూసినవాణ్ని ఫారం దగ్గరికి రానివ్వరు. రాయండి."

ఆవిడ రాయలేదు. ముసలాయన వైపు తిరిగింది.

"ఉన్న ఊరిని ఇలా రాసిచ్చేస్తుంటే కష్టంగా లేదా తాతా?"

"ఆ ఏడుపు ఎప్పుడో ఏడ్చేశామమ్మా." "మా కోడలికి నెలలు నిండాయి. ఈ కాన్పయినా తలుపు వేసుకునే గదిలో జరగాలని మా ఆవిడ పట్టు. నువ్వూ ఆడపిల్లవే. ఆ ఒక్క ముక్కా రాసెయ్యి తల్లీ."

సర్వేయరమ్మ ఫారం దగ్గరికి లాక్కుంది. 'చదును' అని రాసింది. గుండ్రంగా, స్పష్టంగా, ఎవరు చదివినా అనుమానం రాకుండా రాసింది. కింద సంతకం చేసింది. ఇంజనీరు చేశాడు. డైరెక్టరు చేసి, ముద్ర కూడా కొట్టాడు.

ముసలాయన తన నకలు తీసుకుని రెండుసార్లు కళ్లకద్దుకున్నాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చొక్కా లోపల దోపుకున్నాడు.

"ఇక పోదాం పెద్దాయనా, ఈ తిప్పుడు నావల్ల కావట్లేదు," అన్నాడు డైరెక్టరు పొట్ట పట్టుకుని.

ముసలాయన వంగి, పదకొండేళ్ల కిందట ఊరితో పాటు సముద్రం మింగేసిన బడి పైకప్పుకు తగులుకున్న లంగరును మెల్లగా విడిపించి, పైకి లాగి, పడవను ఒడ్డు వైపు తిప్పాడు.