నోటి లోపలి రంగు

డెల్మా వలలో నల్లటి పొడుగుతోక పక్షి పడ్డ పొద్దునే ఆ ముసలాయన వచ్చాడు.

పిట్టలన్నీ ఒక్కసారిగా గొంతు మూసుకున్నాయి. పొగమంచులోంచి వచ్చి నిప్పు పక్కన గొంతుక్కూచున్నాడు. ఎడమచేతికి బొటనవేలు లేదు.

డెల్మా మేనమామ కుంజిల్ బూడిదలోంచి వేడి చిలగడదుంప తీసి ఆయన ముందు పెట్టాడు. పేరు అడగలేదు. పాపువా కొండల్లో అది కొండమొగలి కాయలు కోసే నెల. ఆ నెలంతా కొండ మీద మనిషి పేరు పలకరు, అడగరు. పలికితే కొండ వింటుంది.

డెల్మా పక్షి రెక్క కొలిచి, దాన్ని గుడ్డసంచిలో వేసింది. ఆమెది ఈ కొండే. పట్నంలో చదువుకుని పక్షుల పట్టిక రాయడానికి వచ్చింది. ఇంకెక్కడా లేని జాతి ఒక్కటి ఇక్కడుందని తేలితే చాలు, కలప కంపెనీ రంపాలు ఆగుతాయి. పట్టిక పంపడానికి శుక్రవారం ఆఖరు. ఇప్పటికి అరవై ఒక్క జాతులు. అన్నీ ఇంకెక్కడో ఉన్నవే.

“దాన్ని కింది లోయ పిట్ట అని రాశావా?” అన్నాడు ముసలాయన.

“అదే కదా తాతా. ఈకలు అవే, తోక అదే.”

“ఈకలు చూసి రాసేస్తారే మీరంతా! నోరు తెరిచి చూడు. లోయదానికి లోపల పసుపు. దీనికి ఆకుపచ్చ. ఇది వేరే జాతి.”

కుంజిల్ పకపకా నవ్వాడు. “పళ్లు కూడా లెక్కపెట్టమంటావా పెద్దాయనా?”

“పుస్తకంలో ఒకే జాతి అనుంది,” అంది డెల్మా.

“పుస్తకం రాసినోడు చూసింది ఎండిన తోలు. చచ్చాక ఆ రంగు నిలవదు. బతికుండగా పట్టుకున్నోడికే తెలుస్తుంది.”

“నువ్వు పట్టుకున్నావా?”

ముసలాయన గొంతులోంచి ఓ కూత తీశాడు. కొండ నలుమూలల నుంచీ అదే కూత తిరిగొచ్చింది. సంచిలోని పక్షి కూడా పలికింది.

డెల్మాకు ఒళ్లు జలదరించింది. ఆ జలదరింపు మీదే కోపం వచ్చింది. ఇంత చదివి ఒక ముసలాడి చేత పాఠం చెప్పించుకోవాలా?

“నాకు పనుంది తాతా,” అంటూ సంచి మూతి విప్పేసింది. పక్షి ఎగిరిపోయింది.

తల తిప్పేసరికి ఆయన లేడు. దుంప పెట్టినచోటే ఉంది.

“వేడి దుంప ముట్టకుండా పోయేవాడు ఏం మనిషే అమ్మీ!” అన్నాడు కుంజిల్. బురదలో అడుగుల కోసం వెతికాడు. ఆ తర్వాత నవ్వలేదు.

శుక్రవారం పట్టిక వెళ్లింది. అరవై ఒక్క జాతులే.

మూడు నెలలకు పిట్టలు కూసినచోట రంపాలు కూశాయి. వల కట్టిన చెట్టు కూడా కూలింది.

ఆ వారమే, ఆమె ఎప్పుడో అడిగిన ఫొటోలు సముద్రం అవతలి మ్యూజియం నుంచి వచ్చాయి. ఇదే కొండ మీద ఎనభై ఏళ్ల కిందట ఒలిచిన పక్షితోలు. కాలికి కట్టిన చీటీ మీద దాన్ని సేకరించిన దొర పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. చీటీ వెనక పెన్సిల్‌తో చీమతలంత రాత: “నోటి లోపల ఆకుపచ్చట, తోలు ఒలిచిన కొండవాడి మాట.”

ఆ కొండవాడికి పేరు రాయడానికి మాత్రం చీటీలో చోటు చాలలేదు.

ఆఖరున ఒక నలుపుతెలుపు ఫొటో: నిప్పు పక్కన గొంతుక్కూచుని, బొటనవేలు లేని చేత్తో పక్షిని ఎత్తి చూపిస్తున్న ఆ ముసలాయనే, కింద దొర చేతిరాత, “మొదటి పక్షిని తెచ్చినవాడు, మర్నాడే ఇక్కడి వాగులో పడి చనిపోయాడు, 1938.”