సగం బజ్జీ పంచాయితీ

“ఏ షెడ్డుకు చూసినా సున్నానే! మంది నన్ను బతకనిస్తరా?” క్యాంటీన్ బీరమ్మ కాగితం పట్టుకుని కంప్యూటర్ గదిలోకి దూసుకొచ్చింది.

1986 ఏప్రిల్. జహీరాబాద్ దగ్గరి ఆ చక్కెర ఫ్యాక్టరీకి కంప్యూటర్ కొత్త. నూనె దొరకడం లేదని మేనేజరు మహాదేవప్ప మిరపకాయ బజ్జీలు సగానికి తగ్గించమన్నాడు. ప్రోగ్రాం రాసే జగన్‌మోహన్ షెడ్లవారీ బజ్జీల అంకెల వరుసను ఒకేసారి అరతో గుణించాడు. అన్నీ సున్నాలొచ్చాయి.

“వరుసల ఉన్నయన్నీ పూర్తి అంకెలు బీరమ్మా. అర ఒక్కటే. ఒక్కడు మందిల కలిస్తె మంది లెక్కనే నడవాలె. అందుకే అర కూడ పూర్తి అంకెయింది. పాయింటు తర్వాతది కొట్టేస్తె మిగిలేది సున్నా.”

“తప్పు!” అదే ఉద్యోగం చేసే తారాబాయి పక్క కుర్చీలోంచి లేచింది. “ఒక్క అర వచ్చి కలిసినా వరుసంత దశాంశాలు కావాలె.”

“అట్లయితే బాయిలర్ షెడ్డుకు పదహారున్నర బజ్జీలొస్తయి. సగం బజ్జీ ఎవరు తింటరు?”

“సున్నా బజ్జీ ఎవరు తింటరు సారూ?” అంటూ బీరమ్మ అక్కడే చతికిలబడింది.

“ఇయ్యాల తేల్చకుంటే ఇద్దరి నౌకరీ పోతది!” అంటూ మహాదేవప్ప వచ్చాడు. ఇద్దరి వాదనా ఓపిగ్గా విన్నాడు. “రేపు మళ్ల వింట,” అన్నాడు. మర్నాడు తన కుర్చీ కూడా తెప్పించుకున్నాడు.

రూలు తేలలేదు. బజ్జీలు ఆగిపోయాయి. యూనియన్ నాయకుడు సంగయ్య కార్మికులను వెంటబెట్టుకుని నినాదాలతో లోపలికి వచ్చాడు.

“బజ్జీలు పెడ్తరా, సమ్మె చెయ్యాల్నా?”

జగన్‌మోహన్ మొదటినుంచి చెప్పాడు. తారాబాయి అడ్డుపడింది. కార్మికులు ఒక్కొక్కరే తలగుడ్డలు విప్పి, గోడలకు ఆనుకుని కూర్చున్నారు. నినాదాలు ఆగాయి. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ మంది వచ్చారు.

వారం గడిచేసరికి తారాబాయి విసిగిపోయింది. “సరే, జగన్‌మోహన్ రూలే ఖాయం చేద్దాం. పంచాయితీ ఒడిసింది.”

గదంతా ఉలిక్కిపడింది.

“గంత తొందరేందమ్మా?” అన్నాడు మహాదేవప్ప.

“ఎట్ల ఒప్పుకుంటవు?” బీరమ్మ కోప్పడింది.

సంగయ్య కాళ్లు చాపుకున్నాడు. “మాకు సమజ్ కాలే. జర మొదటినుంచి చెప్పున్రి.”

ఫ్యాక్టరీ మొత్తంలో ఏసీ ఉన్నది ఆ గదిలోనే.