గోతి అంచున రెండో బొమ్మ

అరచేతిలో పట్టే చవక కంప్యూటర్ బోర్డు మీద పాత వీడియో గేములు ఆడేలా అమర్చింది మా ఆవిడే. ఆమె పోయి రెండు నెలలు. "దాని మెమరీ కార్డు రేపు చెరిపేస్తా నాన్నా, మీరు పాఠాలు చెప్పే బడికి ఆ బోర్డు పనికొస్తుంది," అంది అమ్మాయి. సరేనన్నాను.

ఆ రాత్రి, చివరిసారి కదా అని, నేనూ మా ఆవిడా కలిసి ఆడే ఆట ఒక్కణ్ణే పెట్టాను. రెండో జాయ్‌స్టిక్ బ్యాటరీల్లేకుండా సొరుగులో ఉంది. అయినా తెర మీద రెండో బొమ్మ కదిలింది. గోతి దగ్గర అచ్చం మా ఆవిడలాగే ఒక అడుగు ముందే ఎగిరి, పడిపోయింది.

"తొందరెందుకే నీకు?" అన్నాను అలవాటుకొద్దీ.

బొమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి అంచున ఆగి, నా బొమ్మ వైపు తిరిగింది. భయం వేయలేదు. గట్టిగా ఊపిరి తీస్తే వెళ్లిపోతుందేమో అనిపించింది.

"ఎవరితో నాన్నా మాటలు?" అంది అమ్మాయి పక్క గదిలోంచి.

నా బొమ్మను మెల్లగా దాని పక్కకు నడిపించాను.