కాంతమణి పఫ్

"డాడీ, జుట్టు అంత ఎత్తు పఫ్ పెట్టొద్దని ఆంటీకి చెప్పండి. వచ్చినవాళ్లు నవ్వుకుంటారు," అంది దేవకృప.

"నవ్వనీ. మీ అమ్మ పఫ్ చూసి నవ్వనోడు మౌలాలిల ఎవడున్నడు? అంగుళం సుత తగ్గద్దు," అన్నాడు రిచర్డ్.

సికింద్రాబాద్‌లో బ్యూటీ పార్లర్ నడిపే మేబెల్, దువ్వెన పట్టుకుని మంచం తలాపున నిలబడిపోయింది. ఆమె, కాంతమణి ఒకప్పుడు చర్చి క్వయర్లో పక్కపక్కన పాడినవాళ్లే.

"అన్నయ్యా, జబ్బుతో జుట్టంతా పలచబడిపోయింది. పఫ్ నిలవదు. నున్నగా దువ్వి ముడి వేస్తా, హుందాగా ఉంటుంది."

"ముడా? ముడేసుకుని ఆమె ఎన్నడన్న చర్చి గడప తొక్కిందా?" రిచర్డ్ ముఖంలోకి నవ్వొచ్చింది. "టాకీసుకు పోతే వెనక వరసోళ్లు 'అమ్మా, జెర తల దించున్రి' అని మొత్తుకునేటోళ్లు. దించిందా? స్కూటర్ మీద అల్వాల్ దాక పోయొచ్చినా ఒక్క వెంట్రుక కదిలేది గాదు. నేను డ్యూటీ దిగొస్తే, ఇయ్యాల ఆదివారమని ఆ స్ప్రే వాసనే చెప్పేది."

"పాస్టర్ గారు వచ్చే టైమైంది డాడీ."

"కూసుంటడు తియ్. ఈ పఫ్ కోసం మేం ఎన్ని ఆరాధనలకు లేటుగా పోలేదు!"

మేబెల్ మంచం మీద కూర్చుంది. కాంతమణి తలను ఒళ్లోకి తీసుకుంది. పాయ పాయనూ ఎదురు దువ్వి, పైకెత్తి, పిన్నులు గుచ్చింది. సంచిలోంచి స్ప్రే డబ్బా తీసి గలగలా ఊపింది. రిచర్డ్ ఒంగి భార్య కళ్లకు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇగ కొట్టమ్మా."

డబ్బా బుస్సుమంది. గది నిండా పాత ఆదివారాల వాసన లేచింది. దేవకృప కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత మెల్లగా దగ్గరికొచ్చి, చెవి మీదికి జారిన పాయను తనే పైకి తోసింది.

"కుడివైపు ఇంకొంచెం కొట్టండి ఆంటీ. అమ్మకు అక్కడ జారితే నచ్చదు."

పఫ్ నిలబడింది, ఎప్పటిలాగే జానెడెత్తున. ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండగా, వడ్రంగి బ్రహ్మచారి టేపు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆ పఫ్ వంక చూసి, చెవి మీది పెన్సిల్ తీశాడు.

"పెట్టె ఇంకో జానెడు పొడుగు చేసుకొస్తా సార్. మట్టిల పెట్టినా అమ్మ పఫ్ నలగదు."