దమ్ము చక్రాలు

రత్నం ఆ ట్రాక్టర్‌ని చెడగొట్టింది. అందులో వాదన లేదు. ఆవిడ పోయి పదకొండు నెలలైంది. భర్త భీమరాజు గారి తీర్పు మాత్రం మారలేదు.

ట్రాక్టరంటే పొలంలోది కాదు. జానెడు పొడవు బొమ్మ. మామిడికుదురు దగ్గర నగరం అనే ఊళ్లో, ఆయన ఇంట్లో, అద్దాల బీరువా నిండా అలాంటివి నలభై ఒకటి ఉన్నాయి. ట్రాక్టర్లు, తొట్లు, నాగళ్లు, నూర్పిడి యంత్రాలు. అన్నీ అసలు వాటికి అచ్చు నకళ్లు. పిల్లలు ఆడుకునేవి కాదు. వీటిని పోగుచేసేవాళ్లు దేశమంతా ఉన్నారు. ఏటా ధర పెరుగుతుంది. ఆయన ఒకప్పుడు రాజమండ్రిలో పాతసామాన్ల కొట్లో మూడొందలకి కొన్న ఎర్ర ట్రాక్టర్ ఇప్పుడు తొంభై వేలు పలుకుతోంది.

నియమం ఒక్కటే. బొమ్మ పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. రంగు వేయకూడదు. మర మార్చకూడదు.

రత్నం చక్రాలే మార్చేసింది.

జబ్బు పడిన ఏడాది, కొత్తపేటలో చెల్లెలు కుసుమ ఇంటికి వెళ్తూ ఆ ఎర్ర ట్రాక్టర్‌ని సంచిలో పెట్టుకుపోయింది. పది రోజులకి తిరిగొచ్చింది. వెనక రబ్బరు చక్రాలు లేవు. వాటి చోట దమ్ము చక్రాలున్నాయి. వరి మడి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ బురదలో దిగబడకుండా తగిలించే ఇనప చక్రాల్లాంటివి. ఒక్కో దానికి రెండేసి చుట్లు, మధ్యలో అడ్డ కమ్మీలు, పైన నల్లరంగు.

“ఏం చేసేవే?” అన్నారు భీమరాజు గారు.

“రబ్బరు పగిలిపోయిందండి. మన మడిలో దిగే బండికి ఇవే కదండీ అందం?”

“అందమా! దాని విలువెంతో తెలుసా నీకు?”

“తెలీకేం? రోజూ చెబుతూనే ఉన్నారు కదండీ.”

“తీసెయ్.”

“అవి మటుకు తియ్యకండి. నా మాటగా ఉండనివ్వండి.”

ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆయన తియ్యలేదు. క్షమించనూ లేదు.

భీమరాజు గారు బొమ్మలు కొనడమే తప్ప అమ్మడం ఎరగరు. వాటి కోసం కొబ్బరితోటలో పావెకరం అమ్మారు. రత్నం కాసులపేరు అమ్మారు. బొమ్మ ఒక్కటీ అమ్మలేదు. కానీ బీరువా తెరిచినప్పుడల్లా ఆ నల్ల చక్రాలే ముందు కనబడేవి. నలభై ఉత్తమ జాతుల మధ్య ఓ తప్పుడు సరుకు. దాన్ని ఇంట్లోంచి పంపేదాకా ఆయనకి నిద్ర పట్టేలా లేదు.

హైదరాబాదులో ఉండే అనిల్ కుమార్ ఇలాంటివి కొంటాడు. ఏదో పెళ్లికని అమలాపురం వచ్చాడు. భీమరాజు గారు ట్రాక్టర్‌ని తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కారు.

“చక్రాలు అసలువి కాదండి. పదిహేను వేలిస్తాను” అన్నాడు అనిల్ కుమార్.

“ఫోన్లో తొంభై అన్నారు.”

“చక్రాలు సరిగ్గా ఉంటే కదండీ. నా దగ్గర నిన్న ఇక్కడే కొన్న విరిగిన బండివి ఓ జత ఉన్నాయి. వేసి చూద్దామా?”

“ఆయ్. వెయ్యండి.”

రెండు మరలు ఊడాయి. రబ్బరు చక్రాలు ఎక్కాయి. ట్రాక్టర్ మళ్లీ పుట్టినట్టయింది. బేరం ఎనభై ఐదు వేల దగ్గర తెగింది.

“మరి ఈ నల్లవో?”

“నాకెందుకండీ? చెత్తబుట్ట అదిగోనండి.”

“వద్దు. ఆ ముచ్చట నేనే తీర్చుకుంటాను” అని భీమరాజు గారు వాటిని జేబులో వేసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సు బోడసకుర్రు వంతెన ఎక్కింది. కింద గోదావరి పాయ వైనతేయ. జనం కిటికీల్లోంచి చిల్లర వేసి దణ్ణాలు పెడుతున్నారు. భీమరాజు గారు చక్రాలు బయటికి తీశారు. చేతికి బరువుగా తగిలాయి. ఒకదాని వెనక ఒకటి విసిరేశారు.

పక్క సీట్లో ముసలావిడ బుగ్గ నొక్కుకుంది.

“గోదారమ్మకి ఇనుము వేస్తారేటండీ బాబూ? రూపాయి బిళ్లయినా లేదా?”

“ఉన్నది అదేనండి. సర్దుకోమనండి.”

బస్సులో నలుగురు నవ్వారు. చాలా రోజుల తర్వాత భీమరాజు గారు కూడా నవ్వారు.

మరుసటి నెల రత్నం సంవత్సరీకానికి కుసుమ వచ్చింది. భోజనాలయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. కుసుమ బీరువా ముందు నిలబడింది.

“ఎర్ర ట్రాక్టరేదండీ బావగారూ?”

“అమ్మేశాను. ఎనభై ఐదు వేలు.”

“అమ్మేసేరా? మీరా?” కుసుమ కుర్చీ లాక్కుని కూర్చుంది. “చక్రాలతోనేనాండీ?”

“వాటితో ఎవడు కొంటాడు? వైనతేయలో పారేశాను. మీ అక్క చెడగొట్టింది, నేను బాగుచేసుకున్నాను.”

కుసుమ గొంతు తగ్గించింది.

“అక్క నా చేత ఒట్టు వేయించుకుందండి. ఏడాది అయ్యేదాకా మీకు చెప్పద్దంది. అప్పటికి మీ కొనే సరదా కాస్త చల్లారుతుందని.”

“ఏమిటా చెప్పేది?”

“మీ బావగారు ఇంట్లో ఏదైనా అమ్మేస్తారే, ఆ ట్రాక్టర్లు మటుకు చచ్చినా అమ్మరు అందండి. నా తర్వాత ఆయనకి ఏదో ఒక ఆసరా ఉండద్దా అందండి.”

“ఏం ఆసరా?”

కుసుమ చెప్పింది.

“ఈ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు” అన్నారు భీమరాజు గారు, రత్నం ఆస్పత్రి ఖర్చుకి అమ్మేశానని చెప్పిన తన నాలుగు బంగారు గాజులకీ నల్లరంగు పూయించి ఆ చక్రాలు చేయించిందని విన్నాక.